పురానా ఖిల్లా పొరలు అచ్చుకెక్కేదెప్పుడు?

భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ



తిలక్ మార్గ్‌లోని సర్వేక్షణ సంస్థ కేంద్ర కార్యాలయం ధరోహర్ భవన్ నుంచి మథురా రోడ్డు మీది పురానా ఖిల్లాకు అట్టే దూరం లేదు. ఆ కోట గోడల లోపలి పాటిదిబ్బను, అంటే తరతరాల నివాసాల శిథిలాలు ఒకదానిపై ఒకటి పేరుకుని ఎత్తయిన నేలను, సంస్థ 1954-55లో మొదటిసారి పరీక్షగా తవ్వింది. 1969 నుంచి 1973 వరకు విస్తృతంగా తవ్వింది. ఆపై నాలుగు దశాబ్దాలు ఊరుకుని 2013-14లోనూ, 2017-18లోనూ, తిరిగి 2023లోనూ తవ్వింది. ఇన్ని విడతల తవ్వకాలను నడిపించిన ప్రశ్నల్లో ప్రధానమైనది ఒక్కటే: మహాభారతం ప్రకారం పాండవులు ఖాండవప్రస్థంలో నెలకొల్పిన ఇంద్రప్రస్థం ఈ దిబ్బ అడుగున ఉందా? ఈ ప్రశ్నకు ఔననీ కాదనీ చెప్పేవారు రాజధానిలో కొల్లలుగా ఉన్నారు గాని, ఏ పొరలో ఏది, ఎంత లోతున, దేని పక్కన దొరికిందో చెప్పగల పూర్తి నివేదిక మాత్రం, ముఖ్యంగా 1969-73 నాటి ప్రధాన తవ్వకానికి సంబంధించినది, దశాబ్దాల తరబడి చదువరుల చేతికి అందలేదు. సంస్థ ఏటా వెలువరించే 'ఇండియన్ ఆర్కియాలజీ - ఎ రివ్యూ' సంచికల్లోని క్లుప్త వివరణలతోనే పరిశోధకులు సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇతిహాసం నిజమని ప్రకటించమని గాని, కట్టుకథ అని తేల్చమని గాని ఈ లేఖ కోరదు. ఆ రెండింటిలో ఏ మాట అనడానికైనా ముందు ఉండవలసిన కాగితాలు బయటికి రావాలన్నదే దీని అభ్యర్థన.

ఇంద్రప్రస్థానికీ పురానా ఖిల్లాకూ ఉన్న ముడి ఇటీవల ఎవరో వేసినది కాదన్న సంగతి ముందుగా ఒప్పుకోవాలి. 20వ శతాబ్దపు తొలి దశకాల వరకు ఈ ప్రాకారాల మధ్య ఇందర్‌పత్ అనే ఊరు ఉండేది. బ్రిటిష్ ప్రభుత్వం కొత్త రాజధాని కట్టే రోజుల్లో దాన్ని ఖాళీ చేయించారు. రైసినా పరిసరాల్లోని సర్బన్ గ్రామంలో దొరికిన సంస్కృత శాసనం, విక్రమ సంవత్సరం 1384 నాటిది, అంటే క్రీ.శ. 1328 నాటిది, ఆ ఊరు ఇంద్రప్రస్థ ప్రతిగణంలో ఉందని చెబుతుంది. ప్రతిగణమంటే తరువాతి కాలపు పరగణా వంటి పరిపాలనా విభాగం. ఫిరోజ్ షా తుగ్లక్ కాలపు చరిత్ర రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ కూడా ఇంద్రప్రస్థాన్ని పరగణాగానే ఎరుగును. హుమాయూన్ తన దీన్‌పనా కోటను పాత ఇందర్‌పత్ కోట చోటనే నెలకొల్పాడని అక్బరు ఆస్థానంలోని అబుల్ ఫజల్ రాశాడు. ముస్లిం చరిత్రకారులూ, సంస్కృత శాసనకర్తలూ, ఇందర్‌పత్ రైతులూ ఒకే పేరును ఒకే చోటికి కట్టిపెట్టారంటే ఆ సంప్రదాయాన్ని తేలికగా తీసివేయడం కుదరదు. అయితే అది రుజువు చేసేది 14వ శతాబ్దం నాటికి ఈ ప్రదేశానికి ఆ పేరు స్థిరపడి ఉందన్నంత వరకే. అక్కడి నుంచి పాండవుల కాలమని చెప్పే ఏ కాలానికైనా ఇంకా రెండువేల ఏళ్లకు పైబడిన ఎడం ఉంటుంది, ఆ ఎడాన్ని పేరు ఒక్కటే పూడ్చలేదు.

తెలుగు నేల మీద పుట్టినవారికి ఈ తేడా సులభంగానే బోధపడుతుంది. ఆంధ్ర, తెలంగాణ పల్లెల చుట్టూ నిలువు బండలు పాతి పైన పెద్ద రాతిపలకను కప్పిన ఇనుప యుగపు సమాధులు చాలాచోట్ల కనిపిస్తాయి. పురావస్తు శాస్త్రం వాటిని బృహత్ శిలా సమాధులంటుంది, ఊళ్లోవాళ్లు రాక్షస గుళ్లనీ పాండవ గుళ్లనీ అంటారు. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర ఆదిమ మానవుల వర్ణచిత్రాలున్న కొండకు జనం పెట్టుకున్న పేరు పాండవుల గుట్ట. ఆ చిత్రాలను పాండవులే వేశారని తెలంగాణలో ఏ పురావస్తు అధికారీ నివేదిక రాయడు. అలాగని ఆ పేరు పెట్టిన పల్లె జనాన్ని ఎవరూ ఎగతాళి చేయరు. తమకు తెలియని పాతకాలపు పనితనాన్ని తమకు బాగా తెలిసిన కథలోని మనుషులకు అప్పగించడం జనస్మృతి చేసే పని. భారతకథ ఎంత లోతుగా, ఎంత దూరం పాకిందో చెప్పడానికి ఆ పేర్లు అమూల్యమైన ఆధారాలు, యుద్ధం ఎప్పుడు జరిగిందో చెప్పడానికి కావు. రేగొండకు వర్తించే ఈ నియమం, కోట లోపల కుంతీదేవి గుడి, గోడ వారన భీముడు తెచ్చి నిలిపాడని చెప్పే భైరవుడి గుడి ఉన్న పురానా ఖిల్లాకు వర్తించకపోవడానికి కారణం లేదు.

ఇక నేలలో దొరికిన వాటి సంగతి. 1969-73 తవ్వకాల్లో మౌర్యుల కాలం నుంచి శుంగ, కుషాణ, గుప్త, గుప్తానంతర, రాజపుత్ర, సుల్తానుల, మొగలుల కాలాల వరకు జనం దాదాపు ఎడతెగకుండా నివసించిన పొరలు వరుసగా బయటపడ్డాయి. అడుగున గట్టిగా నిలబడిన పొరలో ఉత్తరాది నల్లని మెరుగు పాత్రలు దొరికాయి. ఇవి అద్దంలా మెరిసే నల్లని పూతతో, గంగా మైదానంలో తొలి పట్టణాలు వెలసిన కాలానికి గుర్తుగా నిలిచే మట్టి పాత్రలు. కాల్చిన మట్టి వరలు దించిన బావులు, మట్టిబొమ్మలు, ముద్రలు, నాణేలు కూడా బయల్పడ్డాయి. 2023 విడతలో రాజపుత్ర కాలపు వైకుంఠ విష్ణువు విగ్రహం, గుప్తుల కాలపు గజలక్ష్మి మట్టి ఫలకం వెలువడ్డాయనీ, 136 నాణేలు, 35 ముద్రలు దొరికాయనీ ప్రకటించారు. అప్పటి కేంద్ర సాంస్కృతిక మంత్రి, సికింద్రాబాద్ ఎంపీ జి. కిషన్ రెడ్డి ఆ ఏడాది మే నెలాఖరులో తవ్వకాలను స్వయంగా చూసి, వాటిని కప్పి భద్రపరిచి ప్రజలకు చూపిస్తామన్నారు. ఒకే దిబ్బలో ఇన్ని రాజవంశాల కాలాలు పొరలు పొరలుగా కనిపించే చోటు ఢిల్లీలో మరొకటి లేదు. పాండవుల ఊసు ఎత్తకపోయినా ఇది దేశంలోని గొప్ప పురావస్తు స్థలాల్లో ఒకటి.

అసలు చిక్కు మౌర్యులకు ముందరి కాలంతోనే వస్తుంది. భారత యుద్ధ కాలంతో ముడిపెట్టే పాత్రలు చిత్రిత బూడిదరంగు పాత్రలు: నలుసులు లేని సన్నని మట్టితో చేసి, బూడిద రంగు వచ్చేలా కాల్చి, నల్లని గీతలూ చుక్కలూ వలయాలూ దిద్దిన గిన్నెలూ పళ్లేలూ. 1940లలో అహిచ్ఛత్ర తవ్వకాల్లో వీటిని ప్రత్యేక రకంగా గుర్తించారు. ఇవాళ చాలామంది పండితులు వీటి వాడుకను సుమారు క్రీ.పూ. 1200 నుంచి 600 వరకు అంచనా వేస్తారు. పురానా ఖిల్లాలో ఈ పెంకులు 1954-55 నుంచి దొరుకుతూనే ఉన్నాయి, కానీ చెదరని సొంత పొరలో గాక తరువాతి కాలపు మట్టితో కలిసి దొరికాయన్నది వచ్చిన వివరణల సారాంశం. ఈ తేడా సామాన్యుడికి చాదస్తంగా తోచవచ్చు గాని పురావస్తు శాస్త్రమంతా దీని మీదే నిలిచింది: ఒక పెంకు తన పొరలో ఉంటే దాని కింద, పైన, పక్కన ఉన్నవాటితో కలిపి కాలం చెబుతుంది, పొర తప్పిన పెంకు, ఆ చుట్టుపక్కల ఎక్కడో ఆ కాలపు మనుషులు తిరిగారన్నంత మాత్రమే చెబుతుంది. 2023లో మౌర్యులకు ముందరి పొర దాకా చేరామని సంస్థ చెప్పింది. అది నిజమైతే అర్ధ శతాబ్దపు వాదం ఒక కొలిక్కి వస్తుంది. ఆ పొర మందమెంత, అందులో ఈ పాత్రల పాలెంత, బొగ్గు ముక్కలను ఏ ప్రయోగశాలలో పరీక్షించారు, ఏ తేదీ వచ్చింది అన్న వివరాలు అచ్చులో ఉంటే తప్ప ఆ మాటను ఒప్పుకోవడానికీ వీల్లేదు, కాదనడానికీ వీల్లేదు.

అచ్చయిన నివేదిక ఎంత పని చేస్తుందో సర్వేక్షణ సంస్థ చరిత్రే సాక్ష్యం. ఇదే రాజధాని ప్రాంతంలోని మీరట్ జిల్లాలో, హస్తినాపురంలో పురావస్తు శాస్త్రవేత్త బి.బి. లాల్ 1950 నుంచి 1952 వరకు తవ్వారు. నివేదిక సంస్థ పత్రిక 'ఏన్షియంట్ ఇండియా' 10, 11 సంచికల్లో 1954-55 నాటికల్లా వచ్చేసింది. పొరల కోతల చిత్రాలు, పాత్రల రేఖాచిత్రాలు, దొరికిన వస్తువుల పట్టికలు, తవ్విన మనిషి తర్కం అన్నీ అందులో ఉన్నాయి. చిత్రిత బూడిదరంగు పాత్రల పొర గంగ వరదకు కోసుకుపోయిన ఆనవాళ్లను లాల్ చూపించారు. పరీక్షిత్తు వంశంలో ఐదో తరంవాడైన నిచక్షువు కాలంలో గంగ హస్తినాపురాన్ని ముంచెత్తగా రాజధాని కౌశాంబికి తరలిందని పురాణాలు చెబుతాయి. ఈ రెండింటినీ ఆయన జత చేశారు. ఆపై బుద్ధుడి సమకాలికుడైన కౌశాంబి రాజు ఉదయనుణ్ని క్రీ.పూ. 500 ప్రాంతంలో ఉంచి, యుధిష్ఠిరుడి నుంచి ఉదయనుడి వరకు 24 మంది రాజులనీ, ఒక్కొక్కరికి సగటున 14 ఏళ్ల పాలన అనీ లెక్కగట్టి, యుద్ధాన్ని క్రీ.పూ. 836 ప్రాంతానికి చేర్చారు. తరువాతి రచనల్లో దాన్ని క్రీ.పూ. 900 దగ్గరికి జరిపారు. హస్తినాపురం, కురుక్షేత్రం, పానిపట్, బాగ్‌పత్, తిల్‌పత్, మథుర, అహిచ్ఛత్ర, బర్నావా వంటి ఇతిహాస స్థలాలన్నిటిలో అడుగున ఒకే రకం పాత్రలు దొరకడం ఆయనకు ప్రధాన బలమైంది.

ఈ వాదంలో ప్రతి మెట్టూ అచ్చులో కనిపించింది కాబట్టే ప్రతి మెట్టు మీదా దాడి చేయడం సాధ్యమైంది. 14 ఏళ్ల సగటు ఎక్కడిది? దాన్ని 20 చేస్తే యుద్ధం క్రీ.పూ. 980కి పోతుంది, అంటే ఫలితమంతా ఒక ఊహించిన అంకె మీద వేలాడుతోందన్నమాట. గంగ ఒడ్డున వరదలు ఒకటీ రెండూ కావు, దొరికిన వరద నిచక్షువుదే అని ఎలా తెలుస్తుంది? ఒకే రకం పాత్రలు వందల ఊళ్లలో దొరికినప్పుడు, వాటిలో కొన్ని ఊళ్లు ఇతిహాసంలో ఉండడంలో విశేషమేముంది? డి.సి. సర్కార్ వంటి శాసన పండితులు మహాయుద్ధమన్నదే కవికల్పన కావచ్చునన్నారు, 1976లో ఎస్.పి. గుప్తా, కె.ఎస్. రామచంద్రన్ కలిసి భిన్నాభిప్రాయాలతో ఒక సంపుటమే తెచ్చారు. ఎవరు గెలిచారన్నది పక్కన పెడితే, ఆ చర్చ స్థాయి నేటి పురానా ఖిల్లా చర్చకు లేదు, ఉండదు కూడా, ఎందుకంటే చేతిలో పెట్టుకుని వాదించుకోవడానికి అలాంటి పుస్తకం లేదు. లాల్‌తో ఏకీభవించనివారు సైతం ఆయన నివేదికకు రుణపడ్డారు.

హస్తినాపురం పొర చూపించిన జీవితమేమిటన్నది మరింత ఆసక్తికరం. తడికెల మీద మట్టి మెత్తిన గోడలు, పచ్చి ఇటుకలు, వరి గింజలు, గుర్రపు ఎముకలు, పై మట్టాల్లో కొద్దిగా ఇనుప చిట్టెం. హర్యానాలోని భగవాన్‌పురాలో జె.పి. జోషి 1975-76లో తవ్విన పదమూడు గదుల మట్టి ఇల్లు ఆ కాలపు కట్టడాల్లో పెద్దదిగా పేరుపడింది, దాని కాలనిర్ణయంపైనా సందేహాలు ఉన్నాయి. రాజప్రాసాదాల జాడ లేదు. 'దానవీరశూర కర్ణ' సినిమాలో మయసభలో అడుగుపెట్టిన సుయోధనుణ్ని చూసి పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి ఈ మట్టిగోడలు మింగుడుపడకపోవడం సహజం; ఆ సభను రాజమహేంద్రవరంలో కూర్చుని తెలుగులో వర్ణించిన నన్నయకు 11వ శతాబ్దపు చాళుక్య వైభవం కళ్ల ముందుంది, సినిమా కళాదర్శకుడికి 20వ శతాబ్దపు స్టూడియో ఉంది. ప్రతి కాలమూ కథలోని వైభవానికి తన కాలపు సొమ్ములు తొడిగింది. చిన్న చిన్న గణాల మధ్య పశువుల కోసమో భూముల కోసమో జరిగిన పోరు తరతరాల సూతుల నోట పెరిగి పెరిగి పద్దెనిమిది అక్షౌహిణుల యుద్ధమై ఉండవచ్చునన్న ఊహను చాలామంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. మట్టిగోడలు దొరికాయి కాబట్టి కథ అబద్ధమనడం ఎంత తొందరపాటో, ఏదో ఒక గోడ దొరికింది కాబట్టి మయసభ దొరికిందనడమూ అంతే తొందరపాటు.

పాటిదిబ్బలాగే గ్రంథానికీ పొరలున్నాయి. పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మొదలుపెట్టి 1966 నాటికి ముగించిన మహాభారత సంశోధిత ప్రతికి, అంటే ఎన్నో చేతిరాత ప్రతులను పోల్చి వాటన్నిటి వెనకనున్న పాత పాఠాన్ని రాబట్టే ప్రయత్నానికి, 1,259 రాతప్రతులను పరిశీలించారు. తెలుగు లిపిలోని ప్రతులూ దాక్షిణాత్య పాఠానికి సాక్షులుగా అందులో చేరాయి. 1925 నుంచి 1943లో మరణించేదాకా ఆ పని నడిపిన వి.ఎస్. సుక్తాంకర్ గాని, ఆయన వారసులు గాని ఏ శ్లోకాన్ని ఎందుకు ఉంచారో, ఎందుకు అధోజ్ఞాపికలోకి దించారో ప్రతి పుటలోనూ చూపించారు. గ్రంథం విషయంలో దేశం ఇంత కఠినమైన పద్ధతిని సాధించి చూపించాక, మట్టి విషయంలో అంతకు తక్కువతో తృప్తిపడడం సమంజసం కాదు.

వైదిక వాఙ్మయం చెప్పేది కూడా ఈ సందర్భంలో గమనించదగినదే. అథర్వ వేదంలో కురురాజు పరీక్షిత్తు ఉన్నాడు. శతపథ బ్రాహ్మణంలో జనమేజయుడి అశ్వమేధం ఉంది. కాఠక సంహితలో విచిత్రవీర్యుడి కుమారుడు ధృతరాష్ట్రుడు కనిపిస్తాడు. పాండవులు మాత్రం ఎక్కడా లేరు. అంటే కురురాజ్యం, దాని పాలకులు కొందరు చారిత్రక వ్యక్తులన్న మాట బలంగానే నిలబడుతుంది. ఆ రాజ్యపు నేల, చిత్రిత బూడిదరంగు పాత్రల నేల చాలామటుకు ఒకటే కావడం ఇప్పటికి దొరికిన ఆధారాల్లో గట్టిది. ఐదుగురు అన్నదమ్ములు, ద్రౌపది, జూదం, అజ్ఞాతవాసం ఆ చట్రంలోకి ఎప్పుడు, ఎలా వచ్చి చేరాయన్నది పలుగూ పారా చెప్పగలిగే విషయం కాదు. పైగా, రాజధాని ప్రాంతంలో ఇప్పటివరకు చదవగలిగిన తొలి రాత 1966లో బహాపూర్ గుట్ట మీద బయటపడిన అశోకుడి చిన్న శిలాశాసనమే, అది క్రీ.పూ. 3వ శతాబ్దానిది. అంతకు మునుపటి ఏ పొరలోనైనా యుధిష్ఠిరుడి పేరు చెక్కిన రాయి దొరుకుతుందని ఎదురుచూడడం, ఆ కాలపు మనుషుల దగ్గర లేనిదాన్ని వాళ్ల చెత్తకుప్పల్లో వెతకడమే.

కాలనిర్ణయంలో సంప్రదాయమే ఒక్క మాట మీద లేదన్న సంగతిని సంప్రదాయవాదులు తరచుగా మరుస్తారు. రెండో పులకేశి ఐహోళె శాసనంలో, క్రీ.శ. 634 ప్రాంతంలో, భారత యుద్ధం జరిగి 3,735 ఏళ్లయిందని కవి రవికీర్తి లెక్క చెప్పాడు, ఇది క్రీ.పూ. 3102 అనే కలియుగ గణనతో సరిపోతుంది. వృద్ధ గర్గుణ్ని అనుసరించి వరాహమిహిరుడు యుధిష్ఠిరుణ్ని శక సంవత్సరానికి 2,526 ఏళ్ల ముందు ఉంచాడు, అంటే ఆరున్నర శతాబ్దాలు ఇవతల. కాశ్మీరంలో కల్హణుడు ఆ లెక్కనే పట్టుకున్నాడు. పరీక్షిత్తు పుట్టుక నుంచి నందుడి పట్టాభిషేకం వరకు 1,015 ఏళ్లని కొన్ని పురాణ ప్రతులు, 1,050 అని కొన్ని, 1,500 అని మరికొన్ని అంటాయి. ఆ పురాణాల వంశావళులనే జల్లెడ పట్టి పండితుడు పార్గిటర్ క్రీ.పూ. 950 అన్నాడు. ఇతిహాసంలోని గ్రహస్థితులను కంప్యూటర్లలో నింపి లెక్కించిన నేటివారిలో ఒకరికి క్రీ.పూ. 3067, ఇంకొకరికి క్రీ.పూ. 5561 వచ్చాయి. ఒకే పాఠం, ఒకే ఆకాశం, రెండున్నర వేల ఏళ్ల తేడా. పద్ధతిలోనే ఎక్కడో స్వేచ్ఛ ఎక్కువైందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

ఈ స్వేచ్ఛ పురావస్తు ప్రకటనల్లోకీ పాకింది. ఢిల్లీకి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో బాగ్‌పత్ జిల్లా సినౌలీలో 2005-06లో 116 సమాధులు బయటపడగా, 2018లో సంజయ్ మంజుల్ బృందం రాగి రేకులు తాపడం చేసిన చెక్క శవపేటికలను, రాగి కత్తులను, మూడు బండ్లను వెలికితీసింది. కాలం సుమారు క్రీ.పూ. 2000 నుంచి 1800. నిస్సందేహంగా ఇది అపూర్వమైన ఆవిష్కరణ. అయితే బండిని రథమనడంతోనే దాన్ని మహాభారతానికి కట్టేశారు. ఆకులు లేని నిండు చక్రాలు, గుర్రపు ఎముకలు దొరకకపోవడం చూపి ఇవి ఎడ్లు లాగిన బండ్లని అస్కో పార్పోలా వంటి పండితులు వాదించారు. ఆ వాదం ఎటు తేలినా, సినౌలీ కాలానికీ చిత్రిత బూడిదరంగు పాత్రల కాలానికీ ఆరేడు శతాబ్దాలకు తక్కువ కాని ఎడం ఉందన్నది మిగులుతుంది. సినౌలీ యోధులు భారత వీరులైతే హస్తినాపురం పెంకులు కౌరవులవి కావు, హస్తినాపురం పొర కౌరవులదైతే సినౌలీ బండ్లకు కురుక్షేత్రంతో నిమిత్తం లేదు, క్రీ.పూ. 3102ను నమ్మేవారికి ఈ రెండూ పనికిరావు. ఒకే యుద్ధానికి మూడు కాలాల సాక్ష్యాలను ఒకేసారి చూపడాన్ని ఏ న్యాయస్థానమూ ఒప్పుకోదు. సంస్థ తన గొంతుతోనే ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపితే బాగుండేది. ఇప్పటివరకు ఆ పనిని విమర్శకులకు వదిలేసింది.

న్యాయస్థానమన్నది ఇక్కడ అలంకారానికి వాడిన మాట కాదు. లక్కయింటి స్థలమని చెప్పే బర్నావా దిబ్బపై 1970లో మొదలైన దావాకు బాగ్‌పత్ కోర్టు 2024 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. లాల్ నడిపిన రామాయణ స్థలాల పథకంలో శృంగవేరపురం నివేదిక 1993లో వెలువడింది గాని, అయోధ్య తవ్వకాల మీద అంతటి సమగ్ర గ్రంథం రాలేదు, ఆ లోటు తరువాతి దశాబ్దాల్లో ఎంత మంటకు ఎంత ఆజ్యమైందో దేశమంతటికీ తెలుసు. 2025లో తమిళనాడులోని ప్రాచీన పట్టణ స్థలం కీళడి తవ్వకాల నివేదికను తిరిగి రాయమని సంస్థ తవ్వినవారిని అడిగింది. తేదీలకూ పొరలకూ ఆధారాలు బలంగా ఉండాలన్నది అక్కడ చెప్పిన కారణం. కారణం మంచిదే. అదే గీటురాయి సినౌలీకి, పురానా ఖిల్లాకు కూడా పెట్టాలి, లేకపోతే ఉత్తరాది ఇతిహాసానికి ఒక కొలత, దక్షిణాది పట్టణానికి ఒక కొలత అన్న అపవాదు సంస్థను వదలదు.

కాబట్టి డైరెక్టర్ జనరల్ గారి ముందు ఉంచుతున్న అభ్యర్థన చాలా పరిమితమైనది. 1969-73 తవ్వకాల క్షేత్ర దినచర్యలు, పొరల చిత్రాలు, ఛాయాచిత్రాలు ఏ స్థితిలో ఉంటే ఆ స్థితిలోనే స్కాన్ చేసి, వ్యాఖ్యానం కోసం ఆగకుండా, అందరికీ అందుబాటులో పెట్టవచ్చు. గ్రేటర్ నోయిడాలోని సంస్థ సొంత పురావస్తు విద్యాలయంలో చదివే విద్యార్థులకు దీనికంటే మంచి శిక్షణ ఉండదు. 2013 నుంచి జరిగిన మూడు విడతలకు కలిపి ఒకే నివేదిక తెస్తే, అందులో రేడియో కార్బన్ పరీక్షకు, అంటే బొగ్గులోనో ఎముకలోనో మిగిలిన కార్బన్ క్షయాన్ని బట్టి వయసు కట్టే పరీక్షకు, పంపిన ప్రతి నమూనా ఏ పొరలో ఎంత లోతున తీసినదో, సవరించిన తేదీ ఎంతో, పరీక్షించినా పనికిరాకపోయినవి ఏవో పట్టికగా ఉండాలి. చిత్రిత బూడిదరంగు పెంకులు ఎన్ని దొరికాయి, వాటిలో చెదరని పొరవి ఎన్ని అన్న రెండు అంకెలు ఒక్క వాక్యంలో చెప్పినా చాలా వాదాలు సద్దుమణుగుతాయి. నివేదిక వెలువడేదాకా పత్రికా ప్రకటనల్లో ఇతిహాస పాత్రల పేర్లు వాడకుండా ఉండడం సంస్థకు పెద్ద కష్టమేమీ కాదు.

ఇండియా గేట్ పక్కనున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ భవన్‌లలో దిగే తెలుగు యాత్రికులు జూపార్కు చూసి పక్కనే ఉన్న పురానా ఖిల్లాకు కూడా పోతారు. పాండవుల కోట ఇదేనా అని వాళ్లు గైడును అడుగుతారు, గైడు ఔనంటాడు. ఆవరణలోని ప్రదర్శనశాలలో, దేశంలోని ఎన్నో తవ్వకాల వస్తువులు భద్రపరిచిన కేంద్ర పురావస్తు సేకరణ గదుల పక్కనే, దిబ్బ పొరల నిలువుకోత చిత్రాన్ని గోడ ఎత్తున వేయించి, ఏ పొర ఏ కాలానిదో, ఎక్కడి వరకు నిశ్చయమో, ఎక్కడి నుంచి అనుమానమో హిందీ, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ తక్కిన భారతీయ భాషల్లోనూ రాయించాలి. అడుగున మౌర్యులకు ముందరి పొర దగ్గర, దాని తేదీకి చోటు వదిలి, నివేదిక వెలువడవలసిన సంవత్సరాన్ని సంస్థ తానే రాసిపెట్టాలి.